విజయమండపంలో చేట

ఏ కాలమో చెప్పగలవాళ్ళు ఇప్పుడెవరూ లేరు గానీ, ఏటి ఒడ్డున పొన్నెలూరు అని ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దాన్ని వీరమార్తాండ భూపతి అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. కానీ తన గొప్ప తాను చెప్పుకోవడం మొదలుపెడితే వంటశాలలో అన్నం చల్లారిపోయేది.

ఆ రాజు ఒకసారి పొరుగు రాజు మీదికి దండెత్తాడు. అప్పటికి రెండు రోజులుగా వాన కురుస్తోంది. పొలిమేర దగ్గర కాపలా ఉన్న పొరుగు సైనికులు తడిసి, వణికి, ఈటెలు అక్కడే పడేసి ఇళ్ళకు పోయారు. మన సేన మధ్యాహ్నం భోజనాల వేళకు తిరిగి వచ్చేసింది. జరిగింది ఇంతే. భూపతి మాత్రం దాన్ని మహాసంగ్రామం అన్నాడు. దాని గుర్తుగా ఒక విజయమండపం కట్టించి, అందులో అన్నిటికన్నా పెద్ద గోడ నిండా ఆ యుద్ధాన్ని చిత్రించమని కోనప్పను పిలిపించాడు.

కోనప్ప ఆస్థాన చిత్రకారుడు. అరవై దాటినవాడు. మాట నెమ్మది, చేయి చురుకు.

"నలభై ఏనుగులు ఉండాలి కోనప్పా," అన్నాడు రాజు.

"మన గజశాలలో ఉన్నవి మూడే కదా ప్రభూ."

"గోడ మీది ఏనుగులకు మేత వెయ్యాలా ఏమిటి? నలభై అంటే నలభై!"

పక్కనే ఉన్న భద్రావధాని గారు తల ఊపారు. ఆయన ఆస్థాన పండితుడు. చిత్రకళకు లక్షణాలు చెప్పడంలో దిట్ట, కుంచె పట్టిన పాపాన పోలేదు. "చిత్రంలో ఉండదగినవారు దేవతలు, రాజులు, అప్సరసలు. ఉండదగనివి చేట, చీపురు, రోలు, రోకలి. ఇది గుర్తుంచుకో," అని హెచ్చరించారు.

"చిత్తం స్వామీ," అని కోనప్ప ఇంటికి వెళ్ళి రంగులు నూరుకున్నాడు.

ఆరు నెలలు పట్టింది. కోనప్ప మంచె ఎక్కి ఏనుగు తరువాత ఏనుగు వేస్తూ పోయాడు. పదిహేనో ఏనుగు దాకా శ్రద్ధగానే వేశాడు. ఇరవై దాటాక చేయి తన పని తాను చేసుకుపోతుంటే, మనసు ఎక్కడికో వెళ్ళిపోయేది.

ఎక్కడికంటే, తాను పుట్టిన ఊళ్ళోని మట్టింటికి. అతని తల్లి సూరమ్మ పండుగ వస్తే చాలు, గోడలకు సున్నం కొట్టి, కింద జాజుతో ఎర్రటి పట్టీ తీర్చేది. పట్టీ మీద చుక్కలు, చుక్కల మధ్య లతలు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మిగిలిన జాజును కొబ్బరి చిప్పలో పోసి, "నువ్వూ గియ్యరా" అని కొడుక్కి ఇచ్చేది. కోనప్ప మొట్టమొదట గీసింది ఆమె బొమ్మనే.

"ఎవరురా ఇది?" అని అడిగింది సూరమ్మ.

"నువ్వేనే."

"నాకు ముక్కేదిరా?" అని ఆమె పడీ పడీ నవ్వింది. ఆ గోడకు మళ్ళీ సున్నం కొట్టినప్పుడు ఆ బొమ్మ ఉన్న మేర వదిలేసి చుట్టూ కొట్టింది.

ఆ నవ్వు కోనప్పకు ఇప్పటికీ వినిపిస్తుంది. నవ్విన ముఖం మాత్రం కనిపించడం లేదు. ఆమె పోయి నలభై ఏళ్ళు దాటింది. ఈ నలభై ఏళ్ళలో రాజుల ముఖాలు వేశాడు, రాణుల ముఖాలు వేశాడు, ఎన్నడూ చూడని రంభ ముఖం కూడా పదిసార్లు వేశాడు. అమ్మ ముఖం ఎప్పుడైనా వేసుకోవచ్చులే అనుకున్నాడు. తీరా ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నుదుటి మీది కుంకుమ గుర్తొస్తుంది, చెవుల తమ్మెలు గుర్తొస్తాయి, వాటి మధ్య ఏమీ ఉండదు. ముప్పై మూడో ఏనుగు తొండం వేస్తూ వేస్తూ కోనప్ప మంచె మీదే కూర్చుండిపోయాడు.

ఆ గోడ చివర, స్తంభం చాటున మూరెడు జాగా ఖాళీగా మిగిలింది. అక్కడ ఏనుగు పట్టదు, గుర్రమూ పట్టదు. ఒక రోజు పొద్దున్నే వచ్చి కోనప్ప ఆ మూరెడు జాగాలో తన చిన్ననాటి పెరడు వేశాడు. నీరెండ. మట్టి అరుగు. అరుగు మీద ఒకామె కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేటలోంచి ఊక లేచి ఎండలో బంగారుపొడిలా తేలుతోంది. నాలుగు గింజల కోసం ఒక కోడిపెట్ట మెడ సాచి చూస్తోంది. ముఖం గుర్తు లేదు కనుక ఆమెను అటు తిరిగి కూర్చున్నట్టు వేశాడు. వంగిన వీపు, ముడి జారిన జుట్టు, మెడ వంపు, చేట పట్టుకున్న చేతులు. అంతవరకే అతనికి తెలుసు. తెలిసినంత వేశాడు. వేస్తున్నంతసేపూ ఆకలి వెయ్యలేదు.

మర్నాడు భద్రావధాని గారు గోడను పరీక్షించడానికి వచ్చి, స్తంభం చాటుకు తొంగి చూసి, పాము కనిపించినట్టు వెనక్కి గెంతారు. అరగంటలో రాజును వెంటబెట్టుకుని వచ్చారు.

"చూడండి ప్రభూ! ఏలినవారి మహాసంగ్రామంలో చేట!"

భూపతి చూశాడు. ఒక్క క్షణం ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. చుట్టూ పరివారం ఉందని గుర్తొచ్చి కనుబొమలు ముడిచాడు.

"కోనప్పా! ఇందులో ఏం అందం ఉందని వేశావు?"

"వేస్తుంటే ఉన్నట్టే అనిపించింది ప్రభూ."

"నా నలభై ఏనుగుల కన్నానా?"

కోనప్ప చూపు చేట మీంచి కదల్లేదు. అదే పెద్ద జవాబైంది. రాజు ముఖం జేవురించింది.

"సరే! శుక్రవారం ఇక్కడ సభ చేస్తాను. గోడలో ఏ భాగం అందంగా ఉందో సభ వారే చెబుతారు. నీ చేట బాగుందన్నవాళ్ళు ఎక్కువైతే అది అక్కడే ఉంటుంది. లేదంటే నీ చేత్తోనే సున్నం కొట్టి, నీ కుంచెలు నాకు అప్పగించాలి. ఇక ఈ రాజ్యంలో నువ్వు బొమ్మ వెయ్యకూడదు."

సభలో ఎవరు ఏం చెబుతారో కోనప్పకు తెలుసు. రాజు ఎదుట రాజు ఏనుగులను కాదనే మొనగాడు పొన్నెలూరులో పుట్టలేదు. కుంచెలు పోతే పోనీ, అరవై ఏళ్ళు దాటాయి. కానీ ఆ మూరెడు జాగా మీద తానే సున్నం కొట్టాలి. అమ్మను తన చేత్తోనే రెండోసారి సాగనంపాలి.

కాసేపు గోడ వంక చూశాడు. తరువాత నేల వంక చూశాడు. చూసి, చేతులు కట్టుకుని అన్నాడు.

"ప్రభువుల ఆజ్ఞ. రెండు మనవులు ఉన్నాయి. రంగు ఇంకా పచ్చిగా ఉంది. చుక్కలు రాలితే ఈ నునుపు రాళ్ళు పాడవుతాయి. గోడ పొడుగునా కింద ఏటి ఇసుక పరిపించమని మొదటి మనవి."

"పరిపించుకో."

"సభకు ముందు మూడు రోజులు కోటలో వాళ్ళందరినీ వచ్చి చూసుకోనివ్వండి. ఎవరైనా, ఎప్పుడైనా. కాపలా వద్దు. నేను కూడా ఈ చాయలకు రాను. పక్కన మనిషి ఉంటే చూసేవాళ్ళు చూపు దాచుకుంటారు."

"నీ ఇష్టం," అన్నాడు రాజు. ఎంతమంది చూస్తే తన ఏనుగులకు అంత కీర్తి అనుకున్నాడు.

మెత్తటి ఇసుక వచ్చింది. కోనప్ప పలకతో దాన్ని దుప్పటి పరిచినట్టు సమంగా సర్ది, ఇంటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులూ కుంచెలు కడిగి ఆరబెట్టాడు. ఆరినవి మళ్ళీ కడిగాడు. ఉడుత తోక వెంట్రుకలతో తానే కట్టుకున్న కుంచెలు అవి. ఒక్కొక్కటీ ఏ ఏడు కట్టాడో, మొదట దానితో ఏం వేశాడో అన్నీ జ్ఞాపకమే. ఇది రేగుపళ్ళ గంప. ఇది ఎండలో ఆరేసిన మిరపకాయలు. ఇది దూడను నాకుతున్న ఆవు. ఎవరూ అడగకుండా వేసిన బొమ్మలే గుర్తున్నాయి, అడిగి వేయించుకున్నవి ఒక్కటీ గుర్తు రాలేదు.

శుక్రవారం సభ నిండింది. భూపతి సింహాసనం మీద కూర్చుని ఒక్కొక్కరినే అడిగాడు. మంత్రిగారు ముందు వరుస ఏనుగులు అద్భుతం అన్నారు. సేనాపతి వెనక వరుస ఏనుగులు అన్నాడు. కోశాధికారి ఏ వరుస అనడానికీ జంకి, "అన్ని ఏనుగులూ" అన్నాడు. భద్రావధాని గారైతే ఏనుగుల మీద అప్పటికప్పుడు ఒక శ్లోకం చదివారు. చేట మాట ఎత్తినవాడు లేడు.

"విన్నావా కోనప్పా? సున్నం తెప్పించమంటావా?"

"ఒక్క మాట ప్రభూ. తమరు అడిగింది నోళ్ళను. వాళ్ళ కాళ్ళను కూడా అడిగితే నాకు తృప్తిగా ఉంటుంది."

"కాళ్ళనా?"

"కిందికి చూడండి ప్రభూ."

అంతసేపూ అందరూ తలలెత్తి గోడనే చూస్తున్నారు. ఇప్పుడు తలలు వంచారు. నలభై ఏనుగుల ముందు ఇసుక కోనప్ప సర్దినది సర్దినట్టే ఉంది. అక్కడక్కడ నడిచి పోయిన గుర్తులు తప్ప, ఆగిన గుర్తు లేదు. ఆ అడుగులన్నీ ఒకే దిక్కుకు పోయాయి. స్తంభం చాటున, చేట ముందు మాత్రం ఇసుక కళ్ళం తొక్కినట్టు ఉంది. వట్టికాళ్ళు, మడమలు పగిలిన కాళ్ళు, మెట్టెలున్న కాళ్ళు. కొందరు కూర్చుని కూడా చూశారు, ఆ గుంటలు ఉన్నాయి.

సభలో గుసగుస మొదలైంది. కోనప్ప వంగి, ఆరు చోట్ల పడిన జంట చదరపు గుర్తులు చూపించాడు.

"అవధాని గారూ, కోటలో పావుకోళ్ళు వేసుకునేది తమరొక్కరే కదా?"

భద్రావధాని గారు గొంతు సవరించుకున్నారు. "తప్పులు పట్టడానికి వెళ్ళాను."

"ఆరుసార్లా స్వామీ?"

సభ గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు రాజే. నవ్వుతూనే సింహాసనం దిగి వచ్చి ఇసుకలోకి చూశాడు. చూసి, నవ్వు ఆపేశాడు.

గోడకు అందరికన్నా దగ్గరగా, ముందు కొన వంపు తిరిగిన జోళ్ళ గుర్తులు ఉన్నాయి. మడమ దగ్గర రాజముద్ర అచ్చు స్పష్టంగా పడింది. ఆ జోళ్ళ గుర్తులు ఇసుకలో వేలెడు లోతు దిగి ఉన్నాయి.

కోనప్ప ఆ గుర్తుల పేరు ఎత్తలేదు. అటు చూడనైనా లేదు. "ప్రభూ, లెక్క పెట్టనవసరం లేదు. తమరు ఆజ్ఞ ఇస్తే సున్నం తెచ్చుకుంటాను," అని మాత్రం అన్నాడు.

భూపతి చాలాసేపు గోడ వైపే తిరిగి నిలబడ్డాడు. చివరికి చిన్న గొంతుతో, ఆ సభలో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో అడిగాడు.

"మా పోలమ్మ నీకెలా తెలుసు కోనప్పా?"

"పోలమ్మ ఎవరు ప్రభూ?"

"నన్ను పెంచిన దాది. నాకు పన్నెండో ఏట పట్టం కట్టి మేడ మీదికి తీసుకుపోయారు. ఇక రాజువయ్యావు, వంటశాల పెరట్లోకి వెళ్ళకూడదు అన్నారు. ఆవిడ కొన్నాళ్ళు చూసి ఊరికి వెళ్ళిపోయింది. కబురు పెడదాం పెడదాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా పోయిందని తెలిసింది." రాజు వేలు చాచి బొమ్మను చూపించాడు. "ఇదిగో, ఇలాగే వంగి చెరిగేది. పచ్చి బియ్యం గుప్పెడు తీసి నా నోట్లో పోసేది. నువ్వు చూసే ఉంటావు. లేకపోతే మెడ మీది పుట్టుమచ్చ కూడా సరిగ్గా ఎలా వేస్తావు?"

కోనప్ప దగ్గరికి వెళ్ళి చూశాడు.

"క్షమించాలి ప్రభూ. ఈమె పోలమ్మ కాదు, మా అమ్మ సూరమ్మ. అది పుట్టుమచ్చా కాదు. ఇది వేశాక ముప్పై ఆరో ఏనుగుకు నలుపు దిద్దుతుంటే కుంచె జారి రాలిన మసిచుక్క ఎగిరి ఇక్కడ పడినట్టుంది. నేను చూసుకోలేదు."

భూపతి నోరు తెరిచి అతన్ని చూశాడు. తరువాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా ఆపకుండా నవ్వాడు. నవ్వి నవ్వి అక్కడే, ఆ ఇసుకలోనే, పట్టుపంచెతో కూలబడ్డాడు.

"ఆ నలభై ఏనుగులూ కలిసి చేసిన మంచిపని ఆ ఒక్క చుక్క!" అన్నాడు. "చెరపకు కోనప్పా. దాన్ని అలాగే ఉంచు."

తన చేతి కంకణం తీసి కోనప్ప చేతికి తొడిగాడు. మండపంలో ఎదురు గోడ కూడా అతనికే రాసిచ్చాడు. "ఏం వెయ్యాలో నేను చెప్పను. అవధాని గారూ చెప్పరు," అన్నాడు. భద్రావధాని గారు పావుకోళ్ళ వంక చూసుకుంటూ తల ఊపారు.

మర్నాడు పొద్దున్నే కోనప్ప రంగుల గిన్నెలు పట్టుకుని కోట వెనక రేవుకు పోయాడు. చాకలి ఎంకమ్మ తడిబట్టలు పిండి దండెం మీద వేస్తోంది. ఎండ ఆ బట్టల్లోంచి దూరి ఆమె మీద ఎర్రగా, పచ్చగా పడుతోంది.

"అమ్మా, కాస్త అలాగే నిలబడు. నీ బొమ్మ వేసుకుంటాను. రాజుగారి మండపంలోకి."

"నా బొమ్మా!" ఎంకమ్మ కంగారుగా తడి చేతులు కోకకు తుడుచుకుంది. "ఉండండి బాబూ, ఇంటికి పోయి మంచి కోక కట్టుకొస్తా."

"ఎక్కడికీ పోవద్దు ఎంకమ్మా," అని వెనక నుంచి నవ్వుతూ ఎవరో అన్నారు. ఆమె తిరిగి చూస్తే మెట్ల మీద జోళ్ళు విప్పి చేత్తో పట్టుకుని భూపతి కూర్చుని ఉన్నాడు. "ఎండ పోతుంది. కదలకుండా నిలబడు. ఇది రాజాజ్ఞ."