నూనె ఒడిలో చలవ్వ

ఒకప్పుడు నూనెకు గడ్డకట్టడమంటే ఏమిటో తెలియదు. ఎండాకాలంలో ఎంత పలచగా పారేదో, ఎముకలు కొరికే చలిలోనూ అంతే పలచగా పారేది. కొబ్బరినూనె సీసా వంచితే చాలు, అరచేతిలో పడేది. ట్రాక్టర్లో పోసిన నూనె కూడా అంతే. ఆ కాలంలో ట్రాక్టర్లెక్కడివని అడగకండి. మా కథలో ఉన్నాయి, అంతే!

అప్పట్లో చలి ఒక ముసలమ్మ. అందరూ చలవ్వ అనేవారు. కార్తీకం రాగానే చలవ్వ తలమీద బుట్ట పెట్టుకుని రాత్రంతా చేల వెంట నడిచేది. బుట్టలోంచి మంచు తీసి మొక్కకో చుక్క పెట్టేది. గట్టు మీది గడ్డిపోచను కూడా మరిచేది కాదు. తెల్లవారేసరికి పాపం కాళ్లు పీకేవి. కాసేపు నడుం వాలిస్తే బాగుండుననిపించేది.

కానీ రానిచ్చేదెవరు? ఇళ్లకు వెళ్తే తలుపులు మూశారు. పశువుల కొట్టానికి వెళ్తే గోనెపట్టాలు అడ్డం కట్టారు. నెగడు దగ్గరకు వెళ్తే ఇంకో రెండు కట్టెలు ఎగదోశారు. ఆమె పెట్టిన మంచుతో పండిన పంట తింటూనే ఆమెను తిట్టేవారు. ఇదేం న్యాయమో మీరే చెప్పండి.

ఒకనాడు ఇంకా చీకటి ఉండగానే చలవ్వ తూలుకుంటూ నర్సుబాయి అనే రైతు వాకిట్లోకి వచ్చింది. అక్కడ ట్రాక్టర్ నిలబడి ఉంది. దాని కడుపులో ఉన్న నూనెకు ముసలమ్మ మూలుగు వినిపించింది. నూనె మనసు మహా మెత్తన.

"రా అవ్వా, నా ఒళ్లె పండుకో" అంది.

చలవ్వ మూత సందులోంచి దూరి, నూనె ఒడిలో తల పెట్టి, అట్లాగే నిద్రపోయింది. కదిలితే ఆమెకు మెలకువ వస్తుందని నూనె ఊపిరి బిగబట్టింది. ఒళ్లు చిక్కబరుచుకుని కదలకుండా కూర్చుంది.

తెల్లారగానే నర్సుబాయి పరుగున వచ్చింది. ఆమెకున్నది నాలుగెకరాల నల్లరేగడి. చివరి వాన కురిసి చాలా రోజులైంది. నేలలో పదును ఇంకొక్క రోజే ఉంటుంది. ఈ రోజు శనగ విత్తకపోతే ఈ ఏడు చేను బీడే. ఇంట్లో ఆ పంట మీదే ఆశ.

ట్రాక్టర్ స్టార్టయింది. వెనక కట్టిన విత్తనాలు వేసే గొర్రును నేల మీంచి పైకి లేపాలని నర్సుబాయి, నూనె బలంతో నడిచే లిఫ్టు పిడి లాగింది. లేవలేదు. మళ్లీ లాగింది. లిఫ్టు మూలిగింది తప్ప గొర్రు బెత్తెడు కూడా లేవలేదు.

"ఏమైందే నీకు? నిన్నటిదాక మంచిగనే ఉంటివి గదా!"

ఇంజను ఆపి దిగింది. మూత తీసి పుల్ల ముంచి చూసింది. నూనె నిండుగానే ఉంది. తెల్లబడలేదు, అంటే నీళ్లు కలవలేదు. నూనె వడకట్టే జాలీ విప్పి తుడిచింది. పైపుల బిగింపులన్నీ తడిమింది. ఎక్కడా కారడం లేదు. మళ్లీ ఎక్కి పిడి లాగితే మళ్లీ అదే మూలుగు. నర్సుబాయికి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపమూ వచ్చింది. విసురుగా నెగడు దగ్గరకు వెళ్లి మండుతున్న కొరివి తెచ్చింది. నూనె తొట్టి కింద మంట పెడితే దారికొస్తుందని ఆమె ఆలోచన.

"ఆగక్కా!" అని కడుపులోంచి నూనె గుసగుసలాడింది. "మెల్లగ మాట్లాడు. చలవ్వ పండుకున్నది. రాత్రంత నడిచొచ్చింది. అగ్గి పెడితే బెదిరి పారిపోతది. మళ్ల ఈ దిక్కు రాదు. గప్పుడు నీ శనగకు మంచు ఎవరు పెడతరు?"

నర్సుబాయి చేయి ఆగిపోయింది. శనగ చేను మంచుకే పండుతుందని ఆమెకు తెలియనిదా! రాత్రి తలుపు దగ్గర ఎవరో మూలిగినట్టుంటే, దుప్పటి ముసుగుతన్ని పడుకున్నది కూడా ఆమే. సిగ్గుతో మొహం ముడుచుకుపోయింది. కొరివిని మట్టిలో గుచ్చి ఆర్పేసింది.

"మరి నా విత్తనం సంగతేంది?" అంది దిగులుగా.

కొట్టంలోంచి ముసలి ఎర్రెద్దు నవ్వింది. అది నర్సుబాయి తండ్రి కాలం నాటిది. "బిడ్డా, నాకు కాడి కట్టేముందు మీ నాయిన ఏం జేస్తుండె? చలికి కాళ్లు బిగుసుకపోతయని వాకిట్ల నాలుగు సుట్లు తిప్పుతుండె. ఎన్నడన్న లేపంగనే కాడి కట్టిండా? ఇనుపదైతేంది, దానికి జర టైమియ్యవా?"

నర్సుబాయి ఇంజను స్టార్ట్ చేసి నెమ్మదిగా తిరగనిచ్చింది. లిఫ్టు జోలికి పోలేదు. చాయ పెట్టుకుని మెట్టు మీద కూర్చుని తాగింది. పదును ఆరిపోతోందని తెలిసినా కదలకుండా కూర్చుంది.

ఇంజను గోరువెచ్చనైంది. నూనె కొంచెం కొంచెంగా వెచ్చబడింది. చలవ్వ ఒళ్లు విరుచుకుని లేచింది.

"నన్ను గింత మెత్తగ ఎవరు లేపలే. ఎవరు బిడ్డా నువ్వు?"

"నర్సుబాయిని అవ్వా. రాత్రి తలుపేసింది గూడ నేనే."

చలవ్వ బోసినోటితో నవ్వింది. "ఒక్కసారన్న నిండ నిద్రపోయిన. గది చాలు" అని బుట్ట ఎత్తుకుని పొద్దులో కలిసిపోయింది.

నర్సుబాయి పిడి లాగింది. గొర్రు సగం లేచింది. దించి మళ్లీ లాగింది. ఈసారి గొర్రు పూర్తిగా లేచి నిలబడింది. పొద్దుగూకే లోపు నాలుగెకరాలూ విత్తింది. ఆ ఏడు నర్సుబాయి శనగ చేను కొమ్మకొమ్మకూ కాయ కాసింది. మంచు రోజూ అందింది మరి!

అప్పటినుంచే చలవ్వ రోజూ నూనె ఒడిలో పడుకుంటోంది, అందుకే చలికాలం పొద్దున నూనె చిక్కబడుతుంది. తెలిసిన డ్రైవర్లు ఇంజను స్టార్ట్ చేసి చాయ తాగినంతసేపు ఆగి, ఆ తర్వాతే లిఫ్టు ముట్టుకుంటారు. మీ ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టినా సీసాను దబదబా కొట్టకండి. ఎండలో పెట్టండి, చలవ్వ తానే లేస్తుంది. రాత్రంతా నడిచి వచ్చింది, పాపం.