అసిరమ్మ తెచ్చిన మంచురాయి

అనగనగా, మీ తాతలకు తాతలు కూడా పుట్టని కాలంలో, ఎర్రకొండ కింద ఒక కొలిమిపేట ఉండేది.

అక్కడివాళ్లు కొండమీది ఎర్రమట్టిని తెచ్చి, కడిగి, కాల్చి, వరిపిండిలాంటి తెల్లపొడి తీసేవాళ్లు. ఆ పొడిలో వెండిలా మెరిసే తేలిక లోహం దాగి ఉంది. పొడిని కరిగించి, అందులోకి మెరుపులాంటి శక్తిని పారిస్తేనే అది బయటికొస్తుంది. పొడేమో కరగదు.

"మంట పెంచండి" అన్నాడు కొలిమిపెద్ద. పెంచారు. ఇటుకలు పగిలాయి. పొడి కరగలేదు.

"ఇంకా పెంచండి" అన్నాడు. పెంచారు. గోడ బీటలు వారింది. పొడి కరగలేదు.

"ఇంకా పెంచండి" అన్నాడు. పెంచారు. కొలిమే బద్దలైంది. తిత్తి ఊదుతున్న సన్నాసి ఆ మంటల్లో కాలి చచ్చిపోయాడు. పొడి మాత్రం కరగలేదు.

సన్నాసి భార్య అసిరమ్మ. బొగ్గు మోసుకు బతికే మనిషి. ఏడ్చింది, ఏడ్చింది, గొంతు పోయేదాకా ఏడ్చింది. పెద్దకర్మ మర్నాడే మళ్లీ కొలిమి కడుతుంటే చూసి పరుగెత్తింది.

"బాబూ, ఈసారి ఎవరింటి దీపం ఆర్పుతారు?"

కొలిమిపెద్ద తల దించుకున్నాడు. "ఏం చెయ్యమంటావమ్మా? మంట తప్ప నాకు వేరే దారి తెలీదు."

అప్పుడు దగ్గరి రేవులో దిగి అటు వచ్చిన సరంగు, ఓడ నడిపేవాడు, ఒక మాట చెప్పాడు. "చలిదేశంలో మంచుగడ్డలాంటి తెల్లరాయి ఉంది. అది తక్కువ మంటకే కరుగుతుంది. నీళ్లలో ఉప్పు కరిగినట్టు, కరిగిన ఆ రాతిరసంలో మీ పొడి కరిగిపోతుంది. కానీ ఆ చలికి మనవాళ్లు తట్టుకోలేరు."

"నేనెళ్తాను" అంది అసిరమ్మ.

"చచ్చిపోతావమ్మా!" అన్నాడు సరంగు.

"ఇక్కడ మంటకి పోతున్నాం కదా, నాయనా."

వెళ్లింది. మాట తెలీని దేశంలో, మొహం తెలీని మనుషుల మధ్య, చలికాలమంతా రాయి కొట్టింది. వేళ్లు కొంకర్లు పోయాయి. దగ్గు పట్టుకుంది, వదల్లేదు. ఓడ నిండా రాయి వచ్చింది. అసిరమ్మని మాత్రం రేవు నుంచి మంచంమీద మోసుకొచ్చారు.

కొలిమి రాజేశారు. మంచురాయి కరిగింది. ఆ రసంలో తెల్లపొడి పోశారు. కరిగింది! మనం ఇప్పుడు కరెంటు అంటామే, ఆ మెరుపుశక్తిని అందులోకి పారించారు. లోహం విడిపోయి, తళతళా అడుక్కి చేరింది. రాతిరసం పెద్దగా తరగలేదు. మళ్లీ పొడి పోస్తే మళ్లీ కరిగించుకుంది. ఒక్క ఇటుకా కదల్లేదు.

కొలిమిపెద్ద పరుగున వచ్చాడు. "అసిరమ్మా, లోహం వచ్చింది! చూడమ్మా!"

ఆమె కళ్లు తెరవలేదు. "ఎవరికైనా కాలిందా, బాబూ?" అంది.

"లేదమ్మా. ఎవరికీ కాలలేదు."

ఆమె విన్న ఆఖరి మాట అదే.

సన్నాసి పక్కనే ఆమెను పూడ్చారు. పేటజనం చాన్నాళ్లు ఆ లోహాన్ని ముట్టుకోలేదు. తర్వాత దాంతోనే సత్తుగిన్నెలు చేసుకున్నారు, వండుకున్నారు, పిల్లలకి పెట్టుకున్నారు.

ఇప్పటికీ ఆ పేటలో కొలిమిలోంచి లోహం దించగానే ఎంత వచ్చిందని ఎవరూ అడగరు. "ఎవరికైనా కాలిందా?" అని అడుగుతారు. అడిగింది మగవాడైనా సరే, "లేదమ్మా" అనే చెబుతారు.