పిల్లికి పావురం ఇచ్చిన గురగుర

ఒకప్పుడు పిల్లి గొంతులో గురగుర ఉండేది కాదు. ఆకలేస్తే మ్యావ్ అనేది, కోపమొస్తే బుస్సుమనేది, అంతే. నిద్రపోయిందంటే బతికుందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకోవాల్సిందే.

పావురం సంగతి అలా కాదు. దాని గొంతులో పెద్ద పాట ఉండేది. పొద్దున్నే చూరు మీద మొదలుపెడితే ఎండెక్కేదాకా పాడేది. ఇప్పుడు మీకు వినిపించే గూ, గూ ఉందే, అది ఆ పాటకి మొదలు మాత్రమే. మిగతాది ఏమైందో చెప్తాను. చెప్తానర్రా, తోసుకోకండి! పొద్దుట్నుంచీ మెట్లెక్కి దిగి నా మోకాళ్లు నావి కాకుండా పోయాయి. ముందు ఆ పిల్లిని కింద పెట్టు బుజ్జీ. మెడ పట్టుకుని వేలాడదీస్తే దానికి ఊపిరాడద్దూ?

సముద్రం ఒడ్డున ఒక పట్నం. అందులో బియ్యం కొట్ల వీధి. కొట్లలో ఎలుకలు పడుతున్నాయని వర్తకులు పిల్లుల్ని తెచ్చుకున్నారు. ఎలుకల్ని పట్టినన్నాళ్లూ "మా తల్లే, మా లక్ష్మే" అన్నారు. తర్వాత రేవు పూడిపోయింది. ఓడలు రావడం మానేశాయి. వర్తకులు కొట్లకి తాళాలేసి బళ్లెక్కారు. పిల్లులకి మాత్రం బళ్లో చోటు లేదన్నారు! మనుషులు అప్పుడూ అంతే.

ఆ కొట్ల చూరుల్లో పావురాలుండేవి. గింజల కోసం గోనెసంచుల మీద వాలి వాలి, ఆ దారాలు కాళ్లకి చుట్టుకునేవి. దారం బిగిసి వేళ్లు వాచిపోయేవి. కొన్నిటికి వేళ్లు ఊడిపోయేవి కూడా.

వీధి చివర అసిరమ్మ ఉండేది. మరమరాలు వేయించి అమ్ముకునే మనిషి. నా అన్నవాళ్లు ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక పెద్ద మట్టిపొయ్యి. పొయ్యంటే మీ వంటింట్లో తిప్పితే వెలిగేది కాదు. నడుమెత్తున మట్టి గూడు కట్టి, కింద నోరు వదుల్తారు. ఆ నోట్లోంచి ఊక పోసి మంట పెడతారు. పైన మూకుడులో ఇసుక కాగుతుంది. అందులో బియ్యం పోస్తే టపటపా పేలి మరమరాలవుతాయి.

మధ్యాహ్నానికి మంట ఆరిపోయినా, ఊక బూడిద మర్నాటి పొద్దుటిదాకా వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనానికి వీధిలో పిల్లులన్నీ ఆ పొయ్యిలో చేరేవి. తిండి వండుకోని ఇంటి గురించి "పొయ్యిలో పిల్లి లేవలేదు" అంటారు కదా. అసిరమ్మ ఇంట్లో అది రోజూ జరిగేదే. పిల్లి లేస్తే గానీ ఆవిడ పని మొదలయ్యేది కాదు.

తెల్లారగట్ల లేచి, నడుం పట్టుకుని, పొయ్యి ముందు చతికిలబడేది. లోపలికి చెయ్యి పెట్టి బూడిదంతా తడిమేది. ఒక్కొక్క పిల్లినీ బయటికి లాగేది.

"లెగండే తల్లీ, లెగండి. మీకేం, పడుకుంటారు. నాకు పనుంది."

పిల్లులకి ఇంత గంజన్నం. పావురాలకి పేలని గింజలు. దెబ్బ తగిలిన పిల్లికి పసుపు. దారం చుట్టుకున్న పావురం దొరికితే ఒళ్లో పెట్టుకుని, సూదితో ఒక్కొక్క పోగూ విప్పేది. అలా విప్పిన వాటిల్లో ఒక పావురం రెండు వేళ్లు పోయి కుంటుతూ నడిచేది. దాన్ని కుంటిదానా అని పిలిచేది. పిల్లుల్లో పెద్దదాని పేరు మసి. మసికి అప్పుడే పిల్లలు పుట్టాయి. అన్నీ బూడిదరంగే.

ఎదురింటి గానుగ గవరయ్యకి ఇదంతా చూస్తే ఒళ్లు మండేది.

"ఏటప్పా ఇది? తా దూర కంత లేదు, మెడకో డోలని! నీకే పూట గడవదు, మళ్లీ ఈ మంద ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను తమ్ముడూ? ఎదురుగా ఆకలితో ఉంటే నాకు ముద్ద దిగదు. నువ్వెళ్లి నీ గానుగ చూసుకో" అనేది అసిరమ్మ.

గట్టిగా అనేది కాదు. గట్టిగా అనడానికి ఆవిడకి ఓపిక లేదు. ఒక పిల్లి కన్ను మానేసరికి ఇంకోదాని కాలు విరిగేది. ఒక పావురాన్ని ఎగరేసేసరికి ఇంకొకటి గుమ్మంలో పడేది. ఆ పనికి అంతు లేదర్రా. చేసేవాళ్లకే తెలుస్తుంది.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. ఏళ్ల తరబడి కాగిన ఇసుకతో పని చేసి అసిరమ్మ అరచేయి మొద్దుబారిపోయింది. మెత్తన తెలియదు, వెచ్చన తెలియదు. బూడిదా మెత్తగానే ఉంటుంది, పిల్లిపిల్లా మెత్తగానే ఉంటుంది. నిద్రపోతున్న పిల్ల ఉలకదు, పలకదు. ఇక ఆ చేతికి ఎలా తెలుస్తుంది?

ఓ చలికాలం పొద్దున అసిరమ్మకి జ్వరం. అయినా లేచింది. పొయ్యి తడిమింది. చేతికి అందిన పిల్లుల్ని లాగింది. "అయిపోయారా అందరూ?" అంది. ఎవరూ పలకలేదు. ఊక పోసి నిప్పు పెట్టింది.

అప్పుడే వేట నుంచి మసి వచ్చింది. పిల్లల్ని చూసుకుంది. ఒకటి తక్కువైంది.

"అమ్మా! నా చిన్నది! చిన్నది లోపలుంది!" అని కేకపెట్టింది.

అసిరమ్మ వెనకా ముందూ చూడకుండా మంటలోకి చెయ్యి దూర్చింది. దేవులాడి, దేవులాడి, చిన్నదాన్ని పైకి తీసింది. మీసాలు కాలాయి, చెవి కొస కమిలింది. కానీ ఊపిరుంది. అసిరమ్మ చెయ్యి మోచేతిదాకా బొబ్బలెక్కింది.

ఆవిడ ఏడవలేదు. చిన్నదాన్ని మసి ముందు పెట్టి, నీళ్లు పోసి పొయ్యి ఆర్పేసింది. గోడకి చేరబడి చాలాసేపు కూచుంది.

"నా వల్ల కాదే మసీ. బతికించిన చేత్తోనే నిప్పు పెట్టాను. ఇవాళ దక్కింది, రేపు దక్కదు. నేను అలిసిపోయానే. మీరెళ్లిపోండి" అంది.

పిల్లులన్నిటినీ బయటికి పంపి తలుపేసింది. మళ్లీ పొయ్యి వెలిగించలేదు. మరమరాలు లేవు కాబట్టి ఆవిడకి గంజి లేదు, పిల్లులకి అన్నం లేదు, పావురాలకి గింజ లేదు. గవరయ్య కూడా నోరు మూసుకున్నాడు. ఓ చెంబుడు గంజి తెచ్చి, మూత బిగించి గుమ్మం దగ్గర పెట్టి, పిలవకుండా వెళ్లిపోయాడు. ఆ గంజి అలాగే చల్లారిపోయింది.

సముద్రం మీంచి చలిగాలి. మసి పిల్లలు అరుగు కింద ముద్దగా పడుకున్నాయి. కమిలిన చెవి చిన్నది తల ఎత్తడం మానేసింది. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే తన పిల్లలూ ఉండవు, లోపల అసిరమ్మా ఉండదు. మసికి ఆ సంగతి తెలుసు.

సాయంత్రం పూట మసి కప్పెక్కింది. పావురాలన్నీ రివ్వున లేచిపోయాయి. కుంటిది మాత్రం లేవలేకపోయింది. దానికి ఓపిక లేదు.

"తింటే తిను. నాలో మాంసం కూడా లేదు" అంది కుంటిది.

"తినడానికి రాలేదు. అడగడానికొచ్చాను. నా పిల్లలు నిద్దట్లో పలకవు. నిద్దట్లో కూడా పలికే గొంతు కావాలి. నీ దగ్గర బోలెడు పాట ఉంది. కాస్త ఇస్తావా?"

కుంటిదానికి నవ్వొచ్చింది. నవ్వడానికీ నీరసమే.

"మాకు గొంతులోది ఇవ్వాలంటే ఒకటే దారి. పిల్లకి మేత పెట్టినట్టు నోట్లో నోరు పెట్టాలి. అంటే నా తల నీ పళ్ల మధ్య ఉండాలి. నీకు చెలగాటం, నాకు ప్రాణసంకటం."

"నాకు చెలగాటం లేదే కుంటీ. నా చిన్నది చచ్చిపోతోంది" అని మసి ఏడ్చింది.

కుంటిది తన కాలు చూసుకుంది. ఉన్న ఆ కాస్త వేళ్లూ అసిరమ్మ ఒళ్లో కూచుని దక్కించుకున్నవే. కింద ఇంట్లోంచి ఆవిడ దగ్గు వినిపించింది.

"నోరు తెరు" అంది.

మసి నోరు తెరిచింది. పావురం తల లోపల పెట్టింది. మసి అన్నం మొహం చూసి ఎన్నాళ్లయిందో! దాని కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, ఆ ఎలుకలు కూడా ఒట్టి మాటలోవే, ఏం లాభం? వెచ్చని పావురం మెడ పళ్లకి తగులుతోంది. ఆకలేమో కొరకమంటోంది. ఇచ్చిన మాటేమో వద్దంటోంది. దాని దవడ కకకకా అని వణికింది. అయినా మూయలేదు. ఇప్పటికీ కిటికీ అవతల పావురాన్ని చూస్తే పిల్లి దవడ అలాగే వణుకుతుంది, ఎప్పుడైనా చూడండి.

పావురం తన పాటలో వెనకభాగమంతా, గొంతు అడుగున దొర్లే భాగమంతా, మసి గొంతులోకి వదిలింది. తల బయటికి తీసి, పాడి చూసుకుంది. "గూ, గూ..." అంది. తర్వాతది రాలేదు.

"పోయింది" అంది కుంటిది.

"బాధగా ఉందా?"

"ఉండదూ? ఉంది. వెళ్లు, చీకటి పడకముందే వెళ్లు."

మసి కిందికి దిగి పిల్లల మెడలు నాకింది. నాకిన ప్రతి మెడలోకీ ఆ పాట దిగింది. కప్పు పెంకు జారిన చోటునుంచి ఒక్కొక్కదాన్నీ లోపలికి దింపి, పొయ్యిలో పడుకోబెట్టింది. పొయ్యి చల్లగానే ఉంది. అయినా గాలి లేదు.

తెల్లారింది. అసిరమ్మ గునపం తీసింది. ఎదురుగా ఆ పొయ్యి ఉన్నంతకాలం తనకి నిద్ర పట్టదు, పగలగొట్టేస్తానని లేచింది. గునపం ఎత్తేముందు, ఇన్నేళ్ల అలవాటు కదా, వంగి బొబ్బల చెయ్యే లోపలికి పెట్టింది.

మెత్తన తెలియలేదు. వెచ్చన తెలియలేదు. కానీ అరచేతి కింద ఏదో గురగురా వణికింది. మొద్దుబారిన ఆ చేతికి కూడా అది తెలిసింది.

"ఎవరే?" అంది అసిరమ్మ.

గుర్‌ర్‌ర్, గుర్‌ర్‌ర్. ఇంకో పక్కన తడిమింది. అక్కడా గుర్‌ర్‌ర్. మూలకంటా తడిమింది. కమిలిన చెవి చిన్నది, కళ్లు తెరవకుండానే, సన్నగా గుర్‌ర్‌ర్.

గునపం జారి కింద పడింది. అసిరమ్మ చిన్నదాన్ని గుండెకి పొదువుకుని, అప్పుడు ఏడ్చింది. మసి కాళ్లకి రాసుకుంటూ, "ఇక తడుముకోవచ్చమ్మా. నిద్దట్లో ఉన్నా పలుకుతాయి" అంది.

అసిరమ్మ పిల్లలన్నిటినీ తీసి చీర కొంగులో పెట్టుకుంది. పొయ్యంతా మళ్లీ తడిమింది. ఎక్కడా చప్పుడు లేదు. అప్పుడు ఊక పోసి నిప్పు పెట్టింది. మొదటి వాయి గింజలు కుంటిదానికే వేసింది. ఆవిడ అలసట తీరిందా అంటే, తీరలేదు. మర్నాడూ నడుం పట్టుకునే లేచింది. పనైతే మళ్లీ మొదలైంది.

అప్పటినుంచే పావురం పాట గూ, గూ దగ్గర ఆగిపోతుంది. అప్పటినుంచే పిల్లి ఒంటిమీద చెయ్యి వేస్తే గురగురమంటుంది. సంతోషం వల్ల అంటారు. కావచ్చు. కానీ జ్వరమొచ్చినా అంటుంది, దెబ్బ తగిలినా అంటుంది, ఆఖరి ఊపిరి పీల్చేటప్పుడూ అంటుంది. చెయ్యి ఎవరిదైనా సరే, దానికి చెప్పేది ఒకటే. నేనిక్కడున్నాను, ఇంకా బతికే ఉన్నాను, చూసుకుని వెలిగించమ్మా.