మేదరి ఈరక్క ఎవరినీ బాగుచెయ్యలేదు

చెప్పేవాడి గొంతులో తడి ఉన్నంతసేపు, వినేవాళ్ళు ఊఁ కొట్టినంతసేపు నడిచే కథ ఇది. ఊఁ కొట్టండి మరి.

అనగనగా ఒక గుట్ట. గుట్ట మీద దుర్గం. దుర్గంలో ఒక దొర. ఎన్నాళ్ళ కిందట అంటే నేను చెప్పలేను. మా తాతకు వాళ్ళ తాత చెప్పాడు. ఆయనా చూసినవాడు కాదు.

ఆ దొరకు ఏటా ఒక యుద్ధం కావాలి. వానలు వెనక్కి పడితే యుద్ధం. పంట ఇంటికొస్తే యుద్ధం. ఏమీ లేకపోతే పక్క దొర మీసం మెలేశాడని యుద్ధం.

యుద్ధానికి పోయినవాళ్ళు మూడు రకాలుగా తేలేవాళ్ళు. చచ్చినవాడికి దొర వీరగల్లు నిలబెట్టించేవాడు, రాతి మీద కత్తీ డాలూ చెక్కించి. ఒంటి మీద గీత లేకుండా తిరిగొచ్చినవాడి చేతికి వెండి కడియం వేసేవాడు. చెయ్యో కాలో కన్నో పోగొట్టుకుని వచ్చినవాడికి మాత్రం ఏమీ లేదు. రాయి పెడదామంటే వాడు చావలేదు. కడియం వేద్దామంటే చెయ్యి లేదు. కోట వెనక గుర్రాల కొట్టం ఒకటి ఖాళీగా ఉంటే, వాళ్ళను అందులో ఉంచమన్నాడు. రెండు పూటలా అంబలి పొయ్యమన్నాడు. జనం దాన్ని గాయాల కొట్టం అన్నారు.

దొర దగ్గర ఒక వైద్యుడు ఉండేవాడు. మూడు కట్టల తాళపత్రాలు చదివినవాడు. నెత్తురు ఆపేవాడు, పుండుకు ఆకు కట్టేవాడు. పుండు మానగానే చేతులు దులుపుకునేవాడు.

"మానింది కదా, ఇంక నా పనేముంది?" అనేవాడు.

ఆ కోట కింద ఊళ్ళో ఈరక్క అనే మేదరామె ఉండేది. బుట్టలు, చేటలు, తడకలు అల్లి అమ్ముకునేది. నా అన్నవాళ్ళు లేరు. ఒకనాడు కొట్టంలో బూడిద ఎత్తడానికి తట్టలు కావాలంటే, నెత్తిన పెట్టుకుని పోయింది. తట్టలు దించి తల ఎత్తేసరికి ఒక మనిషి మోకాళ్ళ మీద వంగి, మూతి ముంతలో పెట్టి అంబలి తాగుతున్నాడు.

వాడు బోయ చెన్నడు. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

ఈరక్క వాడి పక్కన కూర్చుంది.

"ఏం చెయ్యాలనుంది నాయనా?" అని అడిగింది.

ఏం జరిగింది అని అందరూ అడిగారు గానీ, ఈ మాట ఎవరూ అడగలేదు. చెన్నడు ముంత పక్కకు నెట్టాడు.

"నా అన్నం నేను తినాలనుంది. మనిషిలాగా."

"ఎడమచెయ్యి ఉంది కదా."

"ఆ చేత్తోనా?" వాడు మొహం తిప్పుకున్నాడు. "ఆ చేత్తో తింటే నా పెళ్ళాం కూడా పక్కన కూర్చోదు."

ఈరక్క లేచి తొట్టి దగ్గరకు పోయింది. తన ఎడమచేతిని బూడిదతో ఒకసారి తోమింది, మట్టితో ఒకసారి తోమింది, నీళ్ళతో ఒకసారి కడిగింది. వచ్చి, తన మూటలోంచి సద్దిముద్ద తీసి, ఎడమచేత్తో తింది. కొట్టంలో ఉన్నవాళ్ళందరూ చూశారు. కొందరు ఛీ అన్నారు. ఆమె నమిలి మింగి, రెండో ముద్ద వాడి ఎడమచేతిలో పెట్టింది.

ఆ పూట సగం ముద్ద నేల పాలైంది. మరునాడు పావు ముద్ద. నెల తిరిగేసరికి ఒక్క మెతుకు జారలేదు. ఆ నెలంతా ఈరక్క వాడి పక్కన కూర్చుని ఎడమచేత్తోనే తింది.

తర్వాత వెదురు చీల్చడం నేర్పింది. బొంగును కాలి బొటనవేలితో అదిమి, కత్తి ఎడమచేత పట్టుకోవాలి. ఒక్క దెబ్బకు నిలువునా చీలాలి. చెన్నడు నేర్చుకున్నాడు. మొదటి బుట్ట వంకరగా వచ్చింది. దాన్ని తీసుకుని ఇంటికి పోయాడు. వాడి పెళ్ళాం లింగి ఆ వంకర బుట్టను గుండెకు హత్తుకుని ఏడ్చింది.

ఈరక్క రెండో మనిషి దగ్గర కూర్చుంది. వాడు కురబ బీరప్ప. మండే నూనె పడి రెండు కళ్ళూ పోయాయి.

"ఏం చెయ్యాలనుంది నాయనా?"

"నా గొర్రెల దగ్గరకు నేనే పోవాలనుంది అక్కా. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా."

ఈరక్క నారతో పొడుగాటి తాడు పేనింది. వాడి ఇంటి గడప నుంచి గొర్రెల దొడ్డి దాకా కట్టింది. ఒక ముడి తగిలితే మలుపు. రెండు ముళ్ళు తగిలితే మెట్టు. మూడు ముళ్ళు తగిలితే దొడ్డి. మూడు నెలలకు బీరప్ప తాడు వదిలేశాడు. గొర్రె వీపు తడిమి దాని పేరు చెప్పేవాడు. ఎక్కడో దూరాన గొర్రె కుంటుతూ నడిస్తే, ఏ కాలికి ముల్లు గుచ్చుకుందో వినే చెప్పేవాడు.

మూడో మనిషి తలారి పెద్దోబులు. వాడి ఒంటి మీద గీత లేదు. దొర కడియం కూడా వేశాడు. కానీ ఎక్కడైనా డప్పు మోగితే గోడ మూలకు పోయి ముడుచుకునేవాడు. వణుకు ఆగేది కాదు. ఇంట్లోవాళ్ళు దయ్యం పట్టిందని కొట్టి, చివరకు కొట్టంలో వదిలేశారు.

"ఏం చెయ్యాలనుంది నాయనా?"

వాడు పలకలేదు. ఈరక్క రోజూ అడిగింది. రోజూ వాడి పక్కన కూర్చుని బుట్ట అల్లుకుంది. మూడో నెలలో వాడు నోరు విప్పాడు.

"ఊరికే కూర్చోవాలనుంది. వణక్కుండా."

ఈరక్క ఒక పాత డప్పు అడిగి తెచ్చింది. వాడి ముందు పెట్టింది. కొట్టలేదు. వాడు పది రోజులు దాన్ని చూశాడు. పది రోజులు తోలు మీద చెయ్యి పెట్టాడు. పది రోజులు వేలితో తట్టాడు. తన చేత్తో తనే మోగించుకున్న చప్పుడుకు ముందు వణికాడు, తర్వాత ఊరుకున్నాడు. ఆ మీదట ఊళ్ళో పెళ్ళి డప్పు మోగినా తల ఎత్తి వినేవాడు.

ఇలా కొట్టం నుంచి ఒక్కొక్కరూ ఇంటికి పోతున్నారు. వైద్యుడికి ఇది నచ్చలేదు. దొర చెవిన వేశాడు. దొర ఈరక్కను పిలిపించాడు.

"ఏ గురువు దగ్గర నేర్చుకున్నావు?" అని వైద్యుడు అడిగాడు.

"ఎవరి దగ్గరా లేదు సామీ."

"ఏ పుస్తకం చదివావు?"

"చదువు రాదు సామీ."

"మరి ఏ అర్హతతో దొర మనుషుల మీద చెయ్యి వేశావు?"

ఈరక్క కొంగు సవరించుకుంది. "వాళ్ళకేం చెయ్యాలనుందో అడుగుతాను. వాళ్ళకు వచ్చేదాకా పక్కన కూర్చుంటాను. విసుక్కోను. అంతకంటే నాకేమీ తెలీదు సామీ."

సభలో నవ్వారు. దొర నవ్వలేదు.

"మాటలెందుకు? బాగైనవాళ్ళను తీసుకురా. చూస్తాను."

ఈరక్క ముగ్గురినీ తీసుకొచ్చింది. ఆమెకు సంతోషంగానే ఉంది. వాళ్ళకూ సంతోషంగానే ఉంది. దొర ముందు చెన్నడు ఎడమచేత్తో బొంగును ఒక్క దెబ్బకు చీల్చాడు. బీరప్ప చెవి పెట్టి విని, కోటగోడ అవతల ఎన్ని గుర్రాలు నడుస్తున్నాయో చెప్పాడు. దొర యుద్ధ భేరి మోగించమన్నాడు. సభంతా అదిరింది. పెద్దోబులు నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు.

దొర లేచి నిలబడి భుజం మీది శాలువా తీసి ఈరక్కకు కప్పాడు. ఆమె ఊళ్ళోకి వస్తుంటే జనం ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళు పోశారు. వైద్యుడు మొహం చాటేశాడు.

మర్నాడు పొద్దున్నే దొర మనుషులు వచ్చారు.

"ఎడమచేత్తో వెదురు చీల్చేవాడు ఎడమచేత్తో మెడ నరకలేడా?" అని చెన్నడిని తీసుకుపోయారు.

"గోడ అవతల గుర్రాలు వినేవాడు గోడ కింద సొరంగం తవ్వే శత్రువును వినలేడా?" అని బీరప్పను తీసుకుపోయారు.

"భేరికి వణకనివాడు సైన్యం ముందు నిలబడి భేరి కొట్టలేడా?" అని పెద్దోబులును తీసుకుపోయారు.

ఈరక్క శాలువా చేత పట్టుకుని కోట ద్వారం దాకా పరిగెత్తింది. "దొరా, అన్నం తినడానికి నేర్పాను. గొర్రెలు కాచుకోవడానికి నేర్పాను. ఊరికే కూర్చోవడానికి నేర్పాను. ఇందుకు కాదు దొరా!" అని అరిచింది. తలుపులు మూశారు.

చెన్నడు యుద్ధంలో మొదటి రోజే పడ్డాడు. ఎడమచేత కత్తి పట్టినవాడికి డాలు పట్టే చెయ్యి లేదు కదా. బీరప్ప చెవి నేలకు ఆనించి వింటూ ఉండగానే గోడ కూలి మీద పడింది. పెద్దోబులు మూడు రోజులు భేరి కొట్టి కొట్టి, నాలుగో రోజు భేరి వదిలేసి శత్రువుల మధ్యకు ఊరికే నడుచుకుంటూ పోయాడు.

ముగ్గురికీ మూడు వీరగల్లులు నిలిచాయి. చెన్నడి రాతి మీద రెండు చేతులూ చెక్కారు.

లింగి ఈరక్క గుమ్మం ముందుకు వచ్చింది. ఆ వంకర బుట్ట తెచ్చి విసిరికొట్టింది.

"నువ్వు నేర్పకపోతే నా మొగుడు మూతి ముంతలో పెట్టుకునైనా బతికేవాడు. ఎవరు నేర్పమన్నారే నిన్ను?"

ఈరక్క ఆ బుట్ట ఎత్తుకుని లోపలికి పోయింది. మూడు రోజులు తలుపు తియ్యలేదు. తిండి తినలేదు. ఆ యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళతో కొట్టం మళ్ళీ నిండింది. వంగి ముంతల్లో మూతులు పెట్టేవాళ్ళు మళ్ళీ వచ్చారు.

నాలుగో రోజు ఈరక్క తలుపు తీసింది. కొట్టానికి పోయి ఒకడి పక్కన కూర్చుంది.

"ఏం చెయ్యాలనుంది నాయనా?"

అయితే ఈసారి రెండు విద్యలు నేర్పింది. చెయ్యడం ఒక విద్య. చెయ్యలేనట్టు కూర్చోవడం ఇంకో విద్య. మొదటిదానికి నెల పడితే రెండోదానికి రెండు నెలలు పట్టేది. వచ్చిన పని రానట్టు ఉండటం మగవాడికి చచ్చేంత కష్టం. రెండు విద్యలూ వచ్చినవాణ్ణి, ఇంక వీడు లేవడని చెప్పి, ఇంటివాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. ఈరక్క ఇంటింటికీ తిరిగి పెరడు చుట్టూ ఎత్తయిన తడకలు కట్టింది. తడక లోపల కుంటివాడు దున్నేవాడు, చెయ్యి లేనివాడు దూడకు పలుపు వేసేవాడు. తడక బయట అందరూ గోడకు ఆనుకుని, నోరు తెరుచుకుని, ఈగలు తోలుకోలేనివాళ్ళలాగా కూర్చునేవాళ్ళు.

ఏడాదికి దొర పిలిపించాడు. "ఎంతమంది బాగయ్యారు?"

"ఎవరూ బాగవలేదు దొరా."

దొర శాలువా తీసేసుకున్నాడు.

రెండో ఏడు పిలిపించాడు. "ఎంతమంది బాగయ్యారు?"

"ఎవరూ బాగవలేదు దొరా."

దొర కొట్టంలో అడుగు పెట్టొద్దన్నాడు. ఆమె వాళ్ళ ఇళ్ళకే పోయి నేర్పింది.

మూడో ఏడు పిలిపించాడు. వైద్యుడు పక్కనే ఉన్నాడు. "నేను ముందే చెప్పాను కదా దొరా, చదువులేనిదని," అన్నాడు.

"ఎవరూ బాగవలేదు దొరా. నాకు చేతకాదు. ఆ ముగ్గురూ ఏదో అదృష్టం కొద్దీ లేచారు," అంది ఈరక్క.

ఏడు కొరడా దెబ్బలు కొట్టించి, ఊరి బయటకు తరిమి, దాని బుట్ట ఎవరూ కొనకూడదని చాటింపు వేయించారు. ఆ చాటింపు వింటూ ఊళ్ళో నలభై మంది మగవాళ్ళు గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఒక్కడు లేచినా దొర మనుషులకు తెలిసిపోయేది. ఒక్కడూ లేవలేదు.

ఈరక్క వాగు ఒడ్డున గుడిసె వేసుకుంది. కొరడా దెబ్బలు చీము పట్టాయి. లింగి మాత్రం రెండు పూటలా గంజి తెచ్చి పోసేది. మాట్లాడేది కాదు. ప్రాణం పోయేముందు రోజు ఈరక్క అడిగింది.

"నేను చేసింది తప్పేనా లింగీ?"

లింగి ఆలోచించింది. "తెలీదు అక్కా," అంది.

ఈరక్క పోయిన పొద్దుకు దొర మనుషులు ఊళ్ళోనే ఉన్నారు, కొత్త యుద్ధానికి మనుషులను ఏరుకుంటూ. పాడె ఎత్తాలి. ఆమె చేత నడక నేర్చుకున్నవాళ్ళు, పట్టు నేర్చుకున్నవాళ్ళు నలభై మంది ఉన్నారు. ఎత్తితే దొరికిపోతారు. దొరికితే ఆమె తిన్న దెబ్బలు ఎందుకూ కాకుండా పోతాయి. దారి పక్కన వరుసగా కూర్చున్నారు. ముక్కు తుడుచుకోవడం చాతకానివాళ్ళలాగా కూర్చున్నారు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

లింగి పాడె దగ్గరకు వచ్చింది.

"నిన్ను నేను మన్నించలేదు అక్కా. అయినా మోస్తాను," అని ఒక కొమ్ము భుజాన పెట్టుకుంది. ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. నలుగురూ మోసుకుపోయారు. దొర మనుషులు చూసి, "పాపం, ఈ ఊళ్ళో మగవాడనేవాడు మిగల్లేదు," అనుకుంటూ గుర్రాలు తిప్పుకుని పోయారు.

కోట ద్వారం దగ్గర దొర ఒక శాసనం వేయించాడు. గాయపడ్డ వీరులను ఆదుకున్న మహానుభావుడని అందులో వైద్యుడి పేరు ఉంది. ఈరక్క పేరు ఏ రాతి మీదా లేదు.

దొర పోయాడు, కోట కూలింది. అయినా ఆ వైపు ఊళ్ళలో మేదరింట్లో ఎవరు పోయినా ఆడవాళ్ళే పాడె మోస్తారు. మగవాళ్ళు దారి పక్కన కూర్చుంటారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకోకుండా. పాడె వంపు తిరిగాకే లేస్తారు. పటాలం నుంచి ఎవరైనా దెబ్బతిని ఇంటికొస్తే, ఎన్నేళ్ళయినా సరే, బయటి మనిషి వచ్చి "మీవాడు ఎలా ఉన్నాడమ్మా?" అని అడిగితే ఆ ఇంటి ఆడది గడపకు అడ్డంగా నిలబడి ఒకటే మాట చెబుతుంది.

"ఇంకా బాగవలేదు."

వాడు పెరట్లో కట్టెలు కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. తెలిసినవాళ్ళు మళ్ళీ అడగరు.