మూడో చరణం

కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో గ్రంథాలయం పని సుదర్శనానిది. తాటాకు ప్రతులూ, పాత అచ్చు పుస్తకాలూ వెతికి, మూడేళ్లలో తొమ్మిది వేల పాటలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఎక్కడివారైనా సరే, ఫోనులో ఒక్క మాట కొడితే చాలు, ఆ మాట ఉన్న పాటలన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. తెలియని పదం మీద వేలు పెడితే అర్థం చెబుతుంది. ఎవరు రాశారు, ఏ గ్రంథం, ఎన్నో పుట, అన్నీ కిందనే ఉంటాయి. నచ్చినవి విడిగా దాచుకోనూవచ్చు.

"ఇందులో లేని పాట ఇక లేనట్టే, స్వామీ," అన్నాడొకనాడు.

ఆశ్రమం పెద్ద పరమేశ్వర స్వామివారు అరుగు మీద కూర్చునే విన్నారు.

శ్రావణమాసం, శుక్రవారం పూట, ఊళ్లోంచి కామాక్షమ్మ వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"మా అమ్మకి గొంతు పోయింది బాబూ. ఇవాళో రేపో అన్నట్టుంది. మా ఇంటి హారతి పాట ఒకసారి వినిపించాలని నా ఆశ. రెండు చరణాలే వచ్చు నాకు. మూడోది ఎప్పుడూ అమ్మే అందుకునేది."

సుదర్శనం ఆవిడ చెప్పిన మాటలన్నీ కొట్టి చూశాడు. తిప్పి చూశాడు, మార్చి చూశాడు.

"లేదమ్మా."

"ఎలా ఉంటుంది నాయనా? రెండేళ్ల కిందట అమ్మ వచ్చి పాడతానంటే, ఏ పుస్తకంలోదని అడిగావుట. తన అత్తగారు నేర్పిందంటే, ఆధారం లేకపోతే కుదరదన్నావుట."

ఆధారం గడి ఖాళీగా ఉంటే యంత్రం పాటను పుచ్చుకోదు. ఆ నియమం పెట్టింది సుదర్శనమే.

అరుగు మీది స్వామివారు చేతికర్ర అందుకుని లేచారు.

"ఆ యంత్రాన్ని కాసేపు నిద్రపోనీ. కాగితం, పెన్ను తెచ్చుకో."

కామాక్షమ్మ ఇంట్లో ఆవిడ తల్లి సీతారావమ్మ గారు గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "అమ్మా, మూడో చరణమేమిటే?" అని కూతురు ఎంత అడిగినా కదల్లేదు.

"అడక్కు తల్లీ," అన్నారు స్వామివారు. "నీకొచ్చింది పాడి, ఆపేయి." సుదర్శనాన్ని మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టారు.

కామాక్షమ్మ పాడింది. రెండు చరణాలయ్యాక ఆపింది.

అంతలో ముసలావిడ పెదవులు కదిలాయి. సుదర్శనం వంగి, చెవి ఆ పెదవులకు ఆనించాడు. ఊపిరికీ మాటకీ తేడా తెలియడం లేదు. ఒక్కొక్క మాటే రాసుకున్నాడు. నాలుగు పాదాలయ్యేసరికి కన్నీటికి కాగితం తడిసింది.

దాన్ని చూసి కామాక్షమ్మ మళ్లీ మొదటినుంచి పాడింది. పక్క మీద ఆవిడ కుడిచెయ్యి, హారతి పళ్లెం పట్టుకున్నట్టు, మెల్లగా తిరిగింది.

ఆశ్రమానికి వచ్చి సుదర్శనం మూడు చరణాలూ ఎక్కించాడు. ఆధారం గడిలో రాశాడు: 'సీతారావమ్మ గారి నోట విన్నది. ఆవిడకు అత్తగారు నేర్పినది.'

యంత్రం పుచ్చుకుంది.

స్వామివారు వెనక నిలబడి చదివారు.

"ఆ అత్తగారి పేరు?"

సుదర్శనం లేచి, కాగితం, పెన్ను తీసుకుని చెప్పులు తొడుక్కున్నాడు.