దొంగ జాజి

అనగనగా ఒక ఊళ్ళో, కొండ కింద నేతవాళ్ళ పేటలో, ఒక కొత్త ఇల్లు లేచింది. ఇటు తిరిగి పడుకో కన్నమ్మా. మీ కొత్తింటికి జాజి మొక్క ఇవ్వనన్నానని మూతి ముడుచుకుని అటు తిరిగితే ఈ కథ గోడకి చెప్పాల్సొస్తుంది. గోడ ఊఁ కొట్టదు. ఆఁ, అలా. ఇంక ఊఁ కొట్టు.

ఆ ఇల్లు పానకాలుది. పానకాలు మగ్గం నేసేవాడు. అతని భార్య పేరు అలివేలు. అలివేలుకి పాకే వయసులోనే తల్లి పోయింది. తండ్రీ అన్నలూ పెంచారు. వాళ్ళింట్లో మగ్గాలకే చోటు చాలదు, ఇంక మొక్కలెక్కడ? పెళ్ళయ్యాక అద్దె వాటాలో కాపురం. అందుకని కొత్తింటి చుట్టూ అంత ఖాళీ నేల చూసేసరికి అలివేలుకి అన్నం కూడా సయించలేదు. ఆ సంతోషం అలాంటిది.

అప్పుడు నేలంతా ఇటుక ముక్కలూ, సున్నం పెళ్ళలూనూ. అలివేలు కొంగు బిగించి అన్నీ ఏరేసింది. నీళ్ళు చల్లి, ఊడ్చి, ముగ్గు గిన్నె తెచ్చుకుంది. ఇల్లు కట్టే ముందు మేస్త్రి నేల మీద ముగ్గు పోసి గదులు గీస్తాడు కదా. అలాగే తను పెరడు గీద్దామనుకుంది.

ముందు పానకాలు వచ్చి నిలబడ్డాడు. "తూర్పు పక్క పొడుగ్గా వదిలెయ్. అక్కడ పడుగు చాపుకుంటా. ఇన్నాళ్ళూ వీధిలో చాపాను. బండొస్తే తియ్యాలి, గేదొస్తే తియ్యాలి. ఇంక నా నేల మీద ఎవరు తీయమంటారో చూస్తా" అన్నాడు. పడుగంటే బట్టలో నిలువునా ఉండే నూలు. మగ్గానికి ఎక్కించే ముందు ఆరుబయట బారుగా చాపి, గంజి పట్టించి ఆరబెడతారు. సరేనని అలివేలు తూర్పున పొడుగాటి గీత గీసింది.

ఆ తర్వాత అత్తగారు నాంచారమ్మ వచ్చింది. అద్దె వాటాలో చోటు లేక ఆవిడ ఇన్నాళ్ళూ కూతురి దగ్గర ఉండేది. కొత్తిల్లని ఇప్పుడే వచ్చింది. "గుమ్మానికి ఎదురుగా తులసికోట. అంట్లు తోమిన నీళ్ళు పోయేచోట అరటి పిలక. నూతి పక్కన గోరింట. ఆషాఢంలో పేటలో పిల్లలంతా మనింటికే రావాలి" అంది. సరేనని అలివేలు మూడు చుక్కలు పెట్టింది.

అప్పుడు అలివేలు తనకోసం వంటింటి కిటికీ పక్కన ఒక గుండ్రం గీసింది. దాని పక్కనే చిన్న పలక గీసింది. "ఇది జాజి పందిరి. ఇది దాని కింద అరుగు. ఇద్దరు కూర్చునేంత" అంది.

"ఇద్దరెవరు?" అన్నాడు పానకాలు.

"భ్రమరాంబ వదిన వస్తే నిలబెట్టి మాట్లాడతానా?" అంది అలివేలు.

భ్రమరాంబ ఎవరంటావా? చెప్తున్నా, ఆగు. అద్దె ఇంట్లో రెండు వాటాలు. ఒక దాంట్లో అలివేలు, రెండో దాంట్లో భ్రమరాంబ. భ్రమరాంబ గుమ్మం పక్కన సన్నజాజి తీగ ఉండేది. అది ఆవిడ చేత్తో పెట్టి, కూరగాయలు కడిగిన నీళ్ళు పోసి పెంచిన తీగ. చూరు మీదికెక్కి, రెండు వాటాల మీదా పాకింది.

సాయంత్రం అయ్యేసరికి ఇద్దరూ మొగ్గలు కోసేవాళ్ళు. దారానికి కరువా? మగ్గం మీద తెగిన నూలు పోగులు బుట్టెడు ఉండేవి. ఎర్ర పోగు, పచ్చ పోగు, ఏది దొరికితే దానితో కట్టేవాళ్ళు. ఆ తర్వాత భ్రమరాంబ అలివేలుని ముందు కూర్చోబెట్టుకుని, చిక్కు తీసి, జడ వేసి, పూలు పెట్టేది. అంతవరకూ అలివేలు తలలో ఇంకో ఆడమనిషి చెయ్యి పెట్టి పూలు తురిమింది లేదు. ఆ చెయ్యంటే ఆ పిల్లకి ప్రాణం. అందుకే కొత్తింటికి ఆ జాజే కావాలనుకుంది. ఇంకే జాజీ కాదు.

సామాను బండికెక్కించిన రోజున అలివేలు భ్రమరాంబ దగ్గరికి వెళ్ళింది. "వదినా, జాజి కొమ్మ ఒకటి ఇవ్వవా, కొత్తింట్లో పెట్టుకుంటా" అంది.

భ్రమరాంబ నవ్వింది. "ఇవ్వను" అంది.

పులుసులో ఉప్పు ఎక్కువైతే గిన్నెతో సహా మార్చుకున్నవాళ్ళు. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నవాళ్ళు. ఒక్క కొమ్మ ఇవ్వనంది! పైగా నవ్వుతూ అంది! అలివేలు బండి వెనకాలే వచ్చేసింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, కడుపులోనే పెట్టుకుంది.

ఆ తర్వాత పాలు పొంగించే రోజున భ్రమరాంబ వచ్చింది. చక్కగా భోంచేసింది. వెళ్తూ వెళ్తూ, "మధ్యాహ్నం అన్నం తిన్నానంటే నాకు ఒళ్ళు తెలీదే అలివేలూ. ఎవరొచ్చి ఏం చేసినా లేవను" అంది. తనని రావద్దంటోందనుకుంది అలివేలు. మొహం మాడ్చుకుని తాంబూలం ఇచ్చింది.

ఇంకోసారి కూరగాయల సంతలో కనబడింది. "మా పెరటి తలుపు గడియ ఊడిపోయిందే. ఎవరు తోసినా వచ్చేస్తుంది. బాగు చేయించడానికి తీరికే లేదు" అంది. గడియ ఊడితే వడ్రంగికి చెప్పాలి గానీ నాకెందుకు చెప్తుందీ, అనుకుంది అలివేలు. వంకాయలు కూడా కొనకుండా ఇంటికొచ్చి, కిటికీ పక్కన గీసిన గుండ్రాన్ని కాలితో చెరిపేసింది. చెరిపేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చింది.

నువ్వు నవ్వుతున్నావేమే? నీకప్పుడే తెలిసిపోయిందా? తెలిసినా చెప్పకు. ఊఁ కొట్టు, చాలు.

తక్కిన పెరడంతా అనుకున్నట్టే వచ్చింది. పడుగు చాపుకునే చోటు వచ్చింది. తులసి వచ్చింది, అరటి మారాకు వేసింది. పానకాలు మిగిలిన ఇటుకలతో అరుగు కూడా కట్టేశాడు. ఆ కిటికీ పక్కే బోసిగా ఉండిపోయింది. అక్కడ ఏదో ఒకటి ఉండాలని అలివేలు ఎదురింటివాళ్ళని అడిగి మందారం తెచ్చింది. అది ఆకు రాల్చింది. తర్వాత మేస్త్రి పెళ్ళాన్ని అడిగి బొండుమల్లె తెచ్చింది. అది మోడైపోయింది. మూడోసారి కోమట్ల వీధి నుంచి నందివర్ధనం అడిగి తెస్తే, అది నాలుగు ఆకులు వేసిందో లేదో మేకొచ్చి తినేసిపోయింది.

అప్పుడు నాంచారమ్మ అరుగు మీద చేరగిలబడి, "ఏమే పిల్లా, నీ చెయ్యి మంచిదే. అరటి చూడు ఎలా ఉందో. మరి ఇక్కడ పెట్టినవే ఎందుకు బతకవు?" అంది.

ఆ మాటతో అలివేలుకి దుఃఖం ఆగలేదు. కడుపులో ఉన్నదంతా చెప్పేసింది. కొమ్మ అడగడం, ఇవ్వననడం, నిద్ర సంగతి, గడియ సంగతి, అన్నీ.

నాంచారమ్మ విని విని, నోట్లో తాంబూలం పొలమారేలా నవ్వింది. "అడిగావా! ఓసి పిచ్చి మొహమా, మొక్కని ఎవరైనా అడుగుతారటే? అడిగి తెచ్చుకున్న మొక్క బతకదు. దొంగిలించి తెచ్చుకోవాలి. అది ఇవ్వను అన్నది నీ మొక్క బతకాలనే. నిద్రపోతానంది. గడియ ఊడిందంది. ఇంతకన్నా దండోరా వేయించాలా?"

"మరి ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా అత్తా?"

"చెప్పి ఇస్తే అది దొంగతనం ఎలా అవుతుందే!" అంది నాంచారమ్మ.

పాపం, ఈ సంగతి ఆడపిల్లలకి అమ్మలు చెప్తారు. అలివేలుకి చెప్పడానికి అమ్మ ఏదీ? అలివేలుకి తెలీదని భ్రమరాంబకి తెలీదు. తన కోసం అక్కడ తలుపు తీసి ఉంచారని అలివేలుకి తెలీదు. ఆ పిల్ల అత్తగారి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

అప్పుడు, ఆ మర్నాడు మధ్యాహ్నం, పేటలో మగ్గాల చప్పుడు ఆగి అందరూ కునుకు తీసే వేళకి, అలివేలు దొంగతనానికి బయల్దేరింది. కొంగు కింద చిన్న కత్తి. కాళ్ళ పట్టీలు తీసి ఇంట్లో పెట్టింది. పెరటి తలుపు తోసింది. అది చప్పుడు కాకుండా వచ్చేసింది. బందులకి ఎవరో ఆముదం రాశారు!

లోపల వసారాలో భ్రమరాంబ చాప మీద పడుకుని, మొహం మీద విసనకర్ర పెట్టుకుని గురక పెడుతోంది. అద్దె వాటాలో అన్నేళ్ళున్నా అలివేలు ఆవిడ గురక ఎప్పుడూ వినలేదు. అది గురకలా లేదు, పిల్లిని పట్టుకుంటే అరిచినట్టుంది.

అలివేలు జాజి దగ్గరికి వెళ్ళి చూసింది. ఒక మంచి కొమ్మ నేలకి వంచి ఉంది. మధ్యలో మట్టి కప్పి, పైన రాయి పెట్టి ఉంది. రాయి తీసి చూస్తే బోలెడు వేళ్ళు. పక్కనే తడిపిన కొబ్బరి పీచు. ఒక అరటాకు. కట్టుకోవడానికి ఎర్ర నూలు పోగు. తను ఎప్పుడొస్తుందో తెలీక, ఆ పీచుని రోజూ తడుపుతూనే ఉందన్నమాట ఆవిడ. అలివేలుకి కళ్ళలో నీళ్ళు తిరిగి, కొమ్మ రెండుగా కనబడింది. కోసింది, పీచు చుట్టింది, ఆకులో పెట్టి కట్టింది.

తలుపు దాకా వెళ్ళిందో లేదో, వెనక నుంచి మాట వినబడింది. "ఎవరో దొంగముండ వచ్చినట్టుంది. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్ళమనండి. మేకలొస్తాయి." మళ్ళీ గురక.

ఆ తర్వాత ఆ కొమ్మ కిటికీ పక్కన నాటుకుంది. బతకడమా! చిగురు మీద చిగురు వేసి పందిరెక్కింది. మొదటి పూలు ఎర్ర పోగుతో కట్టి అలివేలు భ్రమరాంబ దగ్గరికి పట్టుకెళ్ళింది.

"ఎక్కడివే ఈ పూలు?" అంది ఆవిడ.

"మా ఇంట్లోవే వదినా."

"మొక్కెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు, ఇవ్వనన్నారు" అంది అలివేలు. ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ సాయంత్రమే భ్రమరాంబ వచ్చి ఆ అరుగు మీద కూర్చుంది. అలివేలుని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసింది.

అలా చాలా కాలం గడిచింది. ఆ తర్వాత ఒక ఏడు, ఆ అద్దె ఇల్లు పడగొట్టి మేడ కడతానన్నాడు దాని యజమాని. భ్రమరాంబ వేరే వీధికి మారిపోయింది. ఆ చూరుతో పాటే పాత జాజి కూడా పోయింది. మొదలు కూడా మిగల్లేదు. ఆవిడ ఇటుకల కుప్పలో దాని వేరైనా దొరుకుతుందేమోనని వెతికిందట. ఆ సంగతి విని అలివేలు వెంటనే కొమ్మ కోయబోయింది. నాంచారమ్మ మంచం మీంచే కేకేసింది. "చేత్తో పట్టుకెళ్ళి ఇచ్చావంటే ఊరుకోను!"

అప్పుడు అలివేలు ఏం చేసిందో చెప్పు? ఊఁ, బంగారం! కొమ్మ వంచి, మట్టి కప్పి, రాయి పెట్టింది. వేళ్ళు వచ్చాక సంతకెళ్ళి, భ్రమరాంబ పక్కనే నిలబడి, బెండకాయలతో చెప్పినట్టు చెప్పింది. "మా గడియ ఊడిపోయింది. మధ్యాహ్నం ఒకటే నిద్ర."

మర్నాడే వచ్చింది భ్రమరాంబ. జుట్టు నెరిసింది, మోకాళ్ళ నొప్పులు, అయినా చెప్పులు చేత పట్టుకుని మునివేళ్ళ మీద వచ్చింది. అలివేలు అరుగు మీద పడుకుని కొంగు కప్పుకుంది. గురక పెట్టడం రాక నవ్వొచ్చేసింది. దొంగకి కూడా నవ్వొచ్చేసింది. అయినా ఇద్దరూ చూసుకోలేదు. దొంగ కొమ్మ తీసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

ఇవన్నీ నాకెలా తెలుసంటావా? ఆ మధ్యాహ్నం అలివేలు పక్కన అరుగు మీద పడుకున్నది నేనేనే. అలివేలు మా అమ్మ. నేను పెళ్ళై ఈ ఇంటికొచ్చేటప్పుడు, తెలిసి తెలిసీ అమ్మని ఉడికిద్దామని, "జాజి కొమ్మ ఇవ్వవే అమ్మా" అన్నాను. "ఇవ్వను" అంది. ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం ఎలా ఉందో ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. ఇప్పుడు అమ్మ లేదు, భ్రమరాంబత్త లేదు, ఆ మగ్గాల చప్పుడూ లేదు. కిటికీ లోంచి వాసన వస్తోంది చూడు, అదొక్కటే మిగిలింది నాకు. ఈ వాసన వచ్చినప్పుడల్లా నాకు వాళ్ళిద్దరూ అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

సరే, ఇంక పడుకో. మీ నాన్న కొత్తింటి చుట్టూ అంతా బండలు పరిపించేస్తాడట కదా. కిటికీ పక్కన ఒక్క బండ వదిలెయ్యమని చెప్పు. ఎందుకని అడిగితే నాకు తెలీదను.

ఏంటీ, మళ్ళీ అడుగుతున్నావా? ఇవ్వను. చచ్చినా ఇవ్వను. అన్నట్టు, రేపు అన్నం తిన్నాక నాకు ఒళ్ళు తెలీని నిద్ర వస్తుంది. కత్తెర గూట్లో ఉంటుంది. మన పెరటి తలుపు గడియ కూడా ఏంటో, సరిగ్గా పడి చావడం లేదు.

కథేమో కంచికి,
మనమేమో మంచానికి,
జాజి కొమ్మ ఎవరింటికి?
నన్నడక్కు, నిద్రొస్తోంది నా కంటికి!