తూర్పు వాలులో నేరేడు మొక్క

ఓబులయ్యస్వామిని ఏది అడిగినా నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవాణ్ని ఎక్కడికో ఒకచోటికి పంపేవాడు. అందుకే శిష్యుడు సుంకన్న ఆ మాట అడిగేసి, అయ్యో, నోరు మూసుకొని ఉంటే పోయేదే అనుకున్నాడు.

అడిగింది చిన్న విషయమా! స్వామి మంచం పట్టి పద్దెనిమిది రోజులైంది. రెండు రోజులుగా గంజి కూడా లోపలికి దిగడం లేదు. కొండ పాదాన ఉన్న ఆ మఠంలో శిష్యులు తొమ్మిదిమంది. వాళ్లలో కొండారెడ్డి అనే నోటిదురుసు మనిషి అప్పుడే తాళంచెవులు మొలకు దోపుకొని అందరి మీదా కేకలేస్తున్నాడు. ఆ గొంతు వింటేనే సుంకన్న ఉలిక్కిపడేవాడు. మగ్గం వదిలేసి, ఉన్న ఇంటిని తమ్ముడికి రాసిచ్చి వచ్చినవాడు పాపం. ఇక్కణ్నుంచి గెంటేస్తే తలదాచుకునే చోటు లేదు.

"సామీ, మీ తర్వాత మా గతి ఏమి? మీరుండంగానే ఆ కొండారెడ్డిని పంపించేయండి సామీ. మఠాన్ని మింగేస్తాడు."

స్వామి కళ్లు తెరవలేదు. "తూర్పు వాలు కాలి ఎన్నేండ్లాయ?" అన్నాడు.

"ఆరేండ్లు సామీ."

"చూసి రాపో. చూసి రా, అంతే. చెయ్యి పెట్టబాక."

కొండ తూర్పు వాలు ఒకప్పుడు నేరేడు తోపు. కార్చిచ్చుకు ఒక్క చెట్టు మిగల్లేదు. మరుసటేడు గడ్డి వచ్చింది. గడ్డి వెనకాలే రేగు, పరికి, కలివి, లోకంలో ఉన్న ముళ్లన్నీ కట్టగట్టుకొని వచ్చాయి. అప్పటినుంచి సుంకన్న ఆ పక్క తొక్కలేదు. పామంటే భయం, ఎలుగంటే భయం, ఏమీ కనబడకపోతే మరీ భయం. స్వామి వద్దన్నా మర్చిపోయినట్టు నటించి కొడవలి పట్టుకుపోయాడు.

మిట్టమధ్యాహ్నం. పొదల్లో ఏదో సరసరమంది. సుంకన్న ఊపిరి బిగబట్టి నిలబడిపోయాడు. చూస్తే పికిలిపిట్టలు! ముళ్ల నీడలో చేరి పోట్లాడుకుంటున్నాయి. అవి కూర్చున్న కొమ్మ కింద, రేగుకంప నడుమ, మోకాలెత్తు నేరేడు మొక్క ఒకటి నిలబడి ఉంది. నాలుగు పక్కలా ముళ్లే.

"ఊపిరాడక చస్తావే తల్లీ!" అన్నాడు సుంకన్న. మఠంలో తన బతుకే అక్కడ నిలబడినట్టు కనిపించింది అతనికి. పైగా నేతగాడి చేతులు. మగ్గం మీది పడుగు దారాల్లో చిక్కు కనబడితే విప్పేదాకా అన్నం సహించదు. మొక్క చుట్టూ బారెడు మేర కంపంతా నరికేశాడు. చేతులు చీరుకుపోయినా కడుపు నిండినట్టయింది.

తెల్లవారి ఆ మొక్కకు పోయాలని చెంబెడు నీళ్లు పట్టుకుపోయాడు. మొక్క లేదు. వేలెడు మోడు మాత్రం మిగిలింది. చుట్టూ మేకల గిట్టల గుర్తులు. సుంకన్న పక్క కంపను తొలగించి చూశాడు. అందులో నడుమెత్తు నేరేడు. ఇంకో పొదలో రెండు. ఆ కొమ్మల కింద, పిట్టల రెట్టల్లో ఎండిన నేరేడు గింజలు.

చెంబు అక్కడే వదిలేసి పరుగున కొండ దిగాడు. మాట మీరిన పాపం స్వామికి తగిలిందేమో, పోయేసరికి ఉంటాడో లేదో అని దారి పొడవునా అదే భయం.

స్వామి ఉన్నాడు. సుంకన్న మంచం పక్కన కూలబడి జరిగిందంతా చెప్పుకున్నాడు. "ముల్లున్న చోటల్లా మొక్కుంది సామీ. నేను బాగుచేసిన చోటే లేదు."

అంతలో గేటు దగ్గర కేకలు. మఠం నేల మీద కన్నేసిన కామందు మనుషులు, స్వామికి బాగాలేదని తెలిసి, కొలతల టేపుతో దిగబడ్డారు. మిగతా శిష్యులు ఏడుగురూ వసారాలోనే ఉన్నారు, ఒక్కడూ కదల్లేదు. కొండారెడ్డి ఒక్కడే అడ్డం నిలబడ్డాడు. "సామి ఇంకా బతికే ఉండాడు రా! టేపు చుట్టుకొని పోతారా, కాళ్లు ఇరగ్గొట్టమంటారా?" ఆ గొంతుకు సుంకన్న ఎప్పటిలాగే ఉలిక్కిపడ్డాడు. కాసేపటికి జీపు తిరిగి వెళ్లిన చప్పుడైంది.

"నిన్న ఏందో అడిగితివే?" అన్నాడు స్వామి.

"ఏం లేదు సామీ."

"ముల్లు కూడా ఎల్లకాలం ఉండదులే. నేరేడు లేచి నీడ పడితే అదే ఎండిపోతాది. కొడవలి యాడుంది?"

"చూరులో పెట్టినా సామీ."

"అప్పటిదాకా ఆడనే ఉండనీ."